చదరంగం ఇంజనుకు ఓపెనింగ్ బుక్ ఎలా కట్టాం

(కుంఠా నాకాలో జరిగిన విద్యార్థి వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో ఎవరో ఒకరు లేచి "బాగా చదవండి" అని చెబుతారు. వేతనం అందుకుంటున్న పిల్లలు బాగా చదివారు కాబట్టే ఇక్కడున్నారు. వాళ్లకు మళ్లీ ఆ మాట చెప్పడానికి నేను రాలేదు. ఆదివారాలు మన పఠన మందిరంలో జరుగుతున్న ఒక పని గురించి చెప్పదలచుకున్నాను. మీలో కొందరు ఈమధ్య కమిటీకి ఒక అర్జీ ఇచ్చారు. నగరంలో డబ్బున్నవాళ్ల పిల్లల దగ్గర చదరంగం ఓపెనింగుల కోర్సులు తయారుగా ఉన్నాయి, మన పిల్లలకు కూడా అవి కొనివ్వండి అని అందులో ఉంది. అడగడంలో తప్పేమీ లేదు. అయినా కొనవద్దని కమిటీకి సలహా ఇచ్చింది నేనే. ఎందుకలా చెప్పానో మీకు వివరించవలసిన బాధ్యత నా మీద ఉంది. అందుకే అధ్యక్షులవారిని ఈ కొద్ది సమయం అడిగి తీసుకున్నాను.

చదరంగం రాని తల్లిదండ్రుల కోసం మొదటి నుంచి చెబుతాను. ఇంజను అంటే చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రాము. నేను ఈ ఎత్తు వేస్తే అవతలివాడు ఏది వేస్తాడు, దానికి నా జవాబు ఏమిటి అని లెక్క వేసుకుంటూ పోవడమే దాని పని. ఆట మొదలయ్యేటప్పుడు తెల్ల పావులకు 20 ఎత్తులున్నాయి. నల్ల పావుల జవాబు కూడా కలిపితే 400 రకాలు. ఇద్దరివీ కలిపి మూడో ఎత్తుకు 8,902, నాలుగో ఎత్తుకు 1,97,281, ఐదో ఎత్తుకు 48,65,609. ఇంకా ఒక్క పావు కూడా సరిగా బయటికి రాకముందే సంగతి ఇది. ప్రతి ఆటలోనూ మొదటి నుంచి ఈ లెక్కంతా ఎందుకు, వందల ఏళ్లుగా మనుషులు ఆడి తెలుసుకున్నదాన్ని ముందే రాసి ఇచ్చేద్దాం అన్నారు. ఆ రాసి ఇచ్చినదే ఓపెనింగ్ బుక్, అంటే ఆరంభాల పుస్తకం. ఆట పుస్తకంలో ఉన్నంతవరకు ఇంజను లెక్క వేయదు, చూసి ఆడుతుంది. పుస్తకం అయిపోయిన చోట సొంత లెక్క మొదలుపెడుతుంది.

మన వాడలో ఇది అర్థం కావడానికి కష్టమేమీ లేదు. చాదర్ నేసే జకార్డు మగ్గం పైన అట్టల దండ వేలాడుతూ ఉండటం మీరు చూశారు. డిజైను గీసేవాడు ముందు గడుల కాగితం మీద నెమలినో పువ్వునో గీస్తాడు. అట్టలు కొట్టేవాడు ఆ కాగితం చూసి చిల్లులు కొడతాడు. చిల్లును బట్టి పడుగు పోగు లేస్తుంది, లేదా కిందే ఉంటుంది. మగ్గానికి నెమలి అంటే ఏమిటో తెలియదు. ఆలోచన అంతా ముందే గడుల కాగితం దగ్గర జరిగిపోయింది. ఒక్క అట్టలో చిల్లు తప్పు పడితే మాత్రం ఆ దండతో నేసిన ప్రతి చాదర్‌లో, అదే చోట, అదే తప్పు వస్తుంది. ఇప్పుడు ఎలక్ట్రానిక్ జకార్డులు వచ్చి చాలాచోట్ల అట్టలు పోయాయి. కానీ తప్పు పద్ధతి మాత్రం మారలేదు.

పఠన మందిరంలో ఒకరు దానమిచ్చిన పాత కంప్యూటర్ ఉంది. అందులో ఎరీనా అనే ఉచిత ప్రోగ్రాము, దాని కింద స్టాక్‌ఫిష్ ఇంజను పెట్టాం. స్టాక్‌ఫిష్ కూడా ఉచితమే. ప్రపంచంలో మనుషులెవరూ గెలవలేని ఇంజను పైసా ఖర్చు లేకుండా కుంఠా నాకాకు వచ్చింది. పిల్లలు నాలుగు వారాలు దానితో ఆడి, నాలుగు వారాలూ ఓడి, విసుగెత్తిపోయారు. అది ఆడే ఎత్తులు వేరు, జిల్లా పోటీలో ఎదుటి పిల్లలు ఆడే ఎత్తులు వేరు. "సర్, బయట అందరూ లండన్ పద్ధతే ఆడతారు, ఇది మాత్రం ఆడదు" అని ఒక కుర్రవాడు అన్నాడు. సరే, మన ఊళ్లో జనం ఏం ఆడతారో అదే దీనిచేత ఆడిద్దాం అనుకుని పుస్తకం కట్టడానికి కూర్చున్నాం.

పుస్తకానికి చాలామంది వాడే పద్ధతి ఒకటుంది. ఫాబియన్ లెతూజే అనే ఫ్రాన్స్ ప్రోగ్రామరు చేసిన పాలీగ్లాట్ పద్ధతి. కామర్సు చదివినవాడికి అది చూడగానే నచ్చుతుంది, ఎందుకంటే అది అచ్చం లెడ్జరు. ఒక్కో పద్దుకు సరిగ్గా 16 బైట్లు. 8 బైట్లలో పావులు బల్ల మీద ఉన్న స్థితికి ఒక ఖాతా నంబరు, 2 బైట్లలో ఆడవలసిన ఎత్తు, 2 బైట్లలో ఆ ఎత్తు బరువు, మిగిలిన 4 బైట్లు ఇంజను తన అనుభవం రాసుకోవడానికి. పద్దులన్నీ నంబరు వరుసలో ఉంటాయి కాబట్టి వెతకడం క్షణంలో అయిపోతుంది.

ఆ ఖాతా నంబరు ఎలా వస్తుందో పై తరగతి పిల్లలు తప్పక తెలుసుకోవాలి. ఆల్బర్ట్ జోబ్రిస్ట్ అనే ఆయన 1970లో రాసిన ఉపాయం అది. పన్నెండు రకాల పావులు, 64 గడులు, అంటే 768 జతలు. ఒక్కో జతకు ఒక పెద్ద సంఖ్యను ముందే ఇష్టం వచ్చినట్టు కేటాయిస్తారు. కోట కట్టే హక్కులకు నాలుగు, దారిలో బంటును పట్టే అవకాశానికి ఎనిమిది, ఎవరి వంతో చెప్పడానికి ఒకటి, మొత్తం 781 సంఖ్యలు. బల్ల మీద ఉన్నవాటి సంఖ్యలన్నీ ఎక్స్-ఆర్ అనే పద్ధతిలో కలిపితే ఆ స్థితి నంబరు వస్తుంది. ఎక్స్-ఆర్‌లో అదే సంఖ్యను రెండోసారి కలిపితే అది తీసివేసినట్టే. గుర్రం ఒక గడి నుంచి ఇంకో గడికి దూకితే పాత గడి సంఖ్యను ఒకసారి, కొత్త గడి సంఖ్యను ఒకసారి, వంతు సంఖ్యను ఒకసారి కలిపితే చాలు, కొత్త నంబరు తయారు. ఒక వైపు డెబిట్, ఒక వైపు క్రెడిట్.

ఇందులో ఇంకో మంచి సంగతి ఉంది. ఖాతా తెరిచేది స్థితికి, ఎత్తుల వరుసకు కాదు. ఖాతాలో డబ్బు నగదుగా వచ్చినా, చెక్కుగా వచ్చినా, బదిలీగా వచ్చినా చివర నిలవ ఒకటే కదా. అలాగే ముందు మంత్రి ముందరి బంటును జరిపి తరువాత గుర్రాన్ని తెచ్చినా, ముందు గుర్రాన్ని తెచ్చి తరువాత బంటును జరిపినా, బల్ల ఒకటే అయితే ఖాతా ఒకటే. వరుసను బట్టీ పట్టిన పిల్లలు ఇక్కడే బోల్తా పడతారు. ఎదుటివాడు అదే ఎత్తులను వేరే వరుసలో ఆడితే, తమకు తెలిసిన స్థితిలోనే కూర్చుని తెలియదనుకుంటారు.

పద్దులు ఎక్కడి నుంచి తెస్తారు? ఆడిన ఆటల నుంచి. మార్క్ క్రౌథర్ అనే ఇంగ్లండు ఆయన 1994 నుంచి వారం వారం పెద్ద పోటీల ఆటలను సేకరించి ఉచితంగా ఇస్తున్నారు. లిచెస్ వాళ్లు తమ దగ్గర ఆడిన ఆటలన్నీ నెల నెలా ఉచితంగా పెడతారు. ఆ ఆటల దస్త్రాన్ని పాలీగ్లాట్‌కు ఇస్తే, ప్రతి స్థితిలో ఏ ఎత్తు ఎంత ఫలితమిచ్చిందో లెక్కకడుతుంది. ఆ ఎత్తు వేసినవాడు గెలిస్తే రెండు, డ్రా అయితే ఒకటి, ఓడితే సున్న. మొత్తమే బరువు. బరువు ఎంత ఎక్కువైతే ఇంజను దాన్ని అంత తరచుగా ఆడుతుంది. ఎన్నో ఎత్తు దాకా తీసుకోవాలి, కనీసం ఎన్ని ఆటల్లో వచ్చినదాన్ని నమ్మాలి అనేవి మనం చెప్పవచ్చు. ఇదంతా మన పిల్లలు ఒక్క మధ్యాహ్నంలో నేర్చుకున్నారు, పుస్తకం సాయంత్రానికి తయారైంది.

ఆ పుస్తకం పనికిరాలేదు. ఎందుకో చూడండి. పెట్రోవ్ ఆరంభంలో రాజు ముందరి బంట్లు రెండు గడులు జరిగాక, రెండు వైపులా గుర్రాలు బయటికి వస్తాయి. తెల్ల గుర్రం ఇ5లో నల్ల బంటును తింటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు వెంటనే ఇ4లో ఉన్న తెల్ల బంటును తింటారు. అప్పుడు తెల్ల మంత్రి ఇ2కు వస్తుంది. నల్లవాడు కంగారుపడి గుర్రాన్ని వెనక్కి తీశాడా, తెల్ల గుర్రం సి6కు దూకి రాజుకు చెక్కు, దానితోపాటే మంత్రి ఖతం. మన పిల్లలు మంత్రిని మరాఠీ అలవాటులో వజీర్ అంటారు, శకటును ఊంట్ అంటారు. "వజీర్ గయా" అని గది అంతా నవ్వు. అంత చెడ్డ ఎత్తుకు మా పుస్తకంలో మంచి బరువే ఉంది. ఎందుకంటే అది కొత్తవాళ్ల ఆటల నుంచి తీసినది. వాళ్లలో చాలామంది ఆ ఎత్తు వేసినవాళ్లే, అవతలివాడికి ఉచ్చు తెలియక గెలిచినవాళ్లూ ఉన్నారు. జనం ఎంతమంది చేశారో పుస్తకం లెక్కపెట్టింది. అది సరైనదో కాదో దానికి తెలియదు.

అయితే గొప్పవాళ్ల ఆటలే తీసుకుంటే సరిపోతుంది కదా అని అడిగారు. అప్పుడు వాళ్లకు 1988లో స్విట్జర్లాండులోని బీల్‌లో జరిగిన ఒక ఆట చూపించాను. కొలంబియాకు చెందిన అలోన్సో సపాటా తెల్ల పావులు. నల్ల పావులు మన విశ్వనాథన్ ఆనంద్, అంతకు ముందు ఏడే ప్రపంచ జూనియర్ విజేత అయినవాడు. అదే పెట్రోవ్. ఐదో ఎత్తులో ఆనంద్ శకటును ఎఫ్5కు తెచ్చాడు. తెల్ల మంత్రి ఇ2కు రాగానే ఆట అయిపోయింది. ఇ4లో ఉన్న నల్ల గుర్రం కదిలితే వెనక రాజుకు చెక్కు, కదలకపోతే అది పోతుంది, ఎలా కాపాడబోయినా ఒక పావు నష్టం. ఆనంద్ అక్కడికక్కడే ఓటమి ఒప్పుకున్నాడు. ఆరు ఎత్తుల ఆట! ఆ శకటు ఎత్తు ఎక్కడిదంటే, 1987లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మైల్స్, క్రిస్టియన్‌సెన్ అనే ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లు ఆడిన ఆటలోనిది. అక్కడ మైల్స్ మంత్రిని ఇ2కు తేలేదు, ఆట డ్రా అయింది, అచ్చులోకి వెళ్లింది. ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లు, డ్రా ఫలితం, ఇంక అనుమానమేముంది? చిల్లు తప్పు పడిన అట్ట అదే. తరువాత ఐదుసార్లు ప్రపంచ విజేత అయిన ఆనంద్‌కే అలా జరిగింది. తయారుగా వచ్చిన కోర్సు మీద పేరు ఎంత పెద్దదైనా దాన్ని పరీక్షించకుండా నమ్మకూడదని పిల్లలకు ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

అందుకని రెండో పుస్తకాన్ని వేరే తీరులో కట్టాం. బ్యాంకులో ఏ ఓచరైనా రాసినవాడి సంతకం ఒకటి, సరిచూసినవాడి సంతకం ఒకటి లేనిదే లెడ్జరుకు ఎక్కదు. అదే నియమం ఇక్కడా పెట్టాను. పొడుగు నోటు పుస్తకంలో నాలుగు గడులు గీశాం: స్థితి, ఎత్తు, ఎందుకు, సంతకాలు రెండు. ఎత్తు ఒకరు ప్రతిపాదించాలి. ఇంజనుతో కొంతసేపు లెక్క వేయించాలి. ఆ ఎత్తు ఎందుకు మంచిదో మన మాటల్లో, తెలుగులోనో మరాఠీలోనో, ఒక్క వాక్యం రాయాలి. "కంప్యూటర్ చెప్పింది" అని రాస్తే చెల్లదు. రెండోవాడు ఆ వాక్యం చదివి, బల్ల మీద ఆడి చూసి, ఒప్పుకుంటే సంతకం చేయాలి. లేకపోతే పద్దు కొట్టేయాలి. ఏడాదిలో మిగిలినవి సుమారు 600 పద్దులు. కంప్యూటర్‌లో అది పది వేల బైట్లు కూడా లేదు, ఒక ఫోటోలో వందో వంతు కూడా రాదు. కొట్టేసినవి అంతకు రెండింతలు ఉంటాయి. నా మాట అడిగితే, ఆ కొట్టేసిన పేజీలే ఎక్కువ విలువైనవి.

పెద్ద యంత్రాల వాళ్లూ ఇదే చేశారు. 1997లో గ్యారీ కాస్పరోవ్‌ను ఓడించిన ఐబీఎం వారి డీప్ బ్లూ సంగతి మీరు వినే ఉంటారు. సెకనుకు కోట్ల స్థితులు చూసే యంత్రం అది. దాని చేతి పుస్తకంలో ఉన్నవి మాత్రం సుమారు 4,000 స్థితులే. జోయెల్ బెంజమిన్, మిగెల్ ఇల్లెస్కాస్, నిక్ డి ఫిర్మియన్, జాన్ ఫెడరోవిచ్ అనే గ్రాండ్‌మాస్టర్లు వాటిని ఒక్కొక్కటిగా ఎంచి పెట్టారు. ఏడు లక్షల ఆటల నుంచి తీసిన పెద్ద గణాంకాల పుస్తకం దాని వెనక వేరే ఉంది, అది సలహాకు మాత్రమే. మే 11న ఆఖరి ఆట. కాస్పరోవ్ కారో-కాన్ ఆడి, ఏడో ఎత్తులో హెచ్6కు బంటు జరిపాడు. డీప్ బ్లూ ఎనిమిదో ఎత్తులో గుర్రాన్ని ఇ6లో బలి ఇచ్చింది. పందొమ్మిది ఎత్తుల్లో ఆట ముగిసింది. యంత్రం తెలివికి లోకం ఆశ్చర్యపోయింది కానీ ఆ గుర్రం ఎత్తు పుస్తకంలోది. దాన్ని ఆ ఉదయమే పుస్తకంలో చేర్చామని ఇల్లెస్కాస్ చాలా ఏళ్ల తరువాత చెప్పారు.

మన ఊళ్లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నల్ల పావులకు ఆ కారో-కాన్‌నే ఎంచుకుంది. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది. ఈ స్థితి దగ్గర ఆ అమ్మాయి నోటులో రాసింది ఇది: "ముందు ఊంట్ డి6కు, హెచ్6 తరువాత. ఊంట్ లేస్తే రాజుకు ఎఫ్8 ఖాళీ అవుతుంది." ఒక్క వాక్యం. ప్రపంచ విజేత చేసిన వరుస తారుమారు అందులో ఉంది. జిల్లా పోటీలో ఆమె ఎదుట కోర్సు కొన్న పిల్లవాడు కూర్చున్నాడు. ఎనిమిది ఎత్తులు ఇద్దరూ టకటకా ఆడారు. తొమ్మిదో ఎత్తులో అతడు వరుస మార్చి ఆడాడు, ఆమె ఆగి, ఆలోచించి, సరైన స్థితికే తెచ్చుకుంది. ఆ తరువాత అతడు చాలాసేపు బల్ల కేసి చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఆమె ఆట ఓడింది, ఏనుగుల ముగింపులో ఒక బంటు తక్కువై. ఆ ముగింపు నేర్పవలసిన పని నాది, ఈ ఏడు అదే మొదలుపెడుతున్నాను. కానీ ఆరంభంలో ఆమెకు ఎవరి కోర్సూ కావలసి రాలేదు.

మనుషుల ఆటలోనూ ఈ పనికి ఎంత విలువ ఉందో ఈమధ్యే చూశాం. 2024 డిసెంబరు 12న సింగపూరులో గుకేశ్ డింగ్ లిరెన్‌ను ఓడించి 18 ఏళ్లకే ప్రపంచ విజేత అయ్యాడు. చెన్నైలో పుట్టిన తెలుగింటి పిల్లవాడు. అతని వెనక కూర్చుని ఆరంభాలు తయారుచేసిన బృందంలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఉన్నారని ఆట ముగిశాకే బయటపడింది. 2004లో ప్రపంచ జూనియర్ విజేత అయినవాడు, తానే పెద్ద ఆటగాడు, ఇంకొకరికి పుస్తకం కట్టాడు. పేరు పేపర్లో చిన్న అక్షరాల్లో వచ్చింది. పిల్లలూ, అలాంటి ఉద్యోగం ఒకటుందని తెలుసుకోండి.

"ఇప్పటి ఇంజన్లకు పుస్తకమే అక్కరలేదట కదా" అని పోయిన ఆదివారం ఒక పాలిటెక్నిక్ విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్న. 2017 డిసెంబరులో ఆల్ఫాజీరో పుస్తకం లేకుండా, నియమాలు మాత్రమే తెలిసి, తనతో తానే ఆడి నేర్చుకుందని ప్రకటించారు. స్టాక్‌ఫిష్‌లోనూ ఇప్పుడు సొంత పుస్తకం లేదు, అవసరమూ లేదు. కానీ గమ్మత్తు చూడండి. అంత బలమైన ఇంజన్లు రెండింటిని మొదటి నుంచి ఆడనిస్తే దాదాపు అన్నీ డ్రాలే. అందుకని ఇంజన్ల పోటీలు నడిపేవాళ్లు మనుషులు ఎంచిన ఆరంభాలు ఇచ్చి, ఒక్కోదాన్ని రెండు వైపుల నుంచీ ఆడిస్తారు. పుస్తకం అక్కడ ప్రశ్నపత్రం అయింది. మన దగ్గరా అంతే. మనం కట్టిన పుస్తకం ఇంజనుకు సాయం కోసం కాదు, మన పిల్లలకు ఎదురయ్యే ఆరంభాలే వాళ్లకు ఎదురుగా పెట్టడానికి. లండన్ పద్ధతికి అన్నిటికంటే ఎక్కువ బరువు ఇచ్చాం, ఎందుకంటే పోటీల్లో అదే ఎక్కువ వస్తోంది.

ఇంక అర్జీ ఇచ్చిన తల్లిదండ్రులకు. చదరంగంతో ఉద్యోగం వస్తుందని నేను మాట ఇవ్వలేను. గుడివాడ నుంచి వచ్చిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆమె కోసం తండ్రి అశోక్ గారు ఉద్యోగమే వదిలారు. అది అందరివల్లా అయ్యేది కాదు, అవ్వాలని మిమ్మల్ని అడగడమూ న్యాయం కాదు. 2025 జూలైలో మహిళల ప్రపంచ కప్పు ఫైనల్లో ఆ హంపిని ఓడించింది మన మహారాష్ట్ర పిల్లే, నాగపూరు దివ్యా దేశ్‌ముఖ్. ఆ రోజు ఎవరి పక్షాన ఉండాలో తెలియక పఠన మందిరంలో పిల్లలు రెండు జట్లయ్యారు. అంత ఎత్తుకు వెళ్లేవాళ్లు లక్షల్లో ఒకరు. మిగిలినవాళ్ల సంగతే నేను ఆలోచించాలి. కోర్సులకు అడిగిన డబ్బు ఇద్దరు పిల్లల ఏడాది పుస్తకాల ఖర్చుకు సరిపోతుంది. కమిటీ దాన్ని అటే మళ్లించింది. దానికి నేను సంతోషించాను.

కోర్సు ఎవరైనా సొంత డబ్బుతో కొనుక్కుంటే నేను అడ్డు చెప్పను. పఠన మందిరానికి తీసుకురండి, అందులోని ఎత్తులనూ నోటు పుస్తకంలో ఎక్కిద్దాం. రెండు సంతకాల నియమం వాటికీ వర్తిస్తుంది.

నల్ల పావుల పుస్తకం ఒక కొలిక్కి వచ్చింది. తెల్ల పావులది ఇంకా ఇటాలియన్ ఆరంభం దగ్గరే ఉంది, స్కాచ్ మొదలే పెట్టలేదు. ప్రతిపాదించేవాళ్లు చాలామంది ఉన్నారు, రెండో సంతకం పెట్టేవాళ్లు తక్కువ. పదో తరగతి దాటిన పిల్లలు, ఆట వచ్చిన పెద్దలు ఎవరైనా ఆదివారం తొమ్మిది గంటలకు రావచ్చు. నోటు పుస్తకం అలమారాలో పై అరలో ఉంటుంది, తాళం చెవి లైబ్రరీ చూసే అమ్మ దగ్గర ఉంది.